అడవి మీద ఆకాశంలో దారి ఎట్లా తెలుస్తుంది?

మా హాస్టల్ మీదుగా హెలికాప్టర్ పోతే చిన్నా పెద్దా అందరం బయటికి ఉరుకుతాం. పైన రోడ్డు లేదు, మైలురాయి లేదు. మరి పైలట్‌కు దారి ఎట్లా తెలుస్తుంది? మేము తెలుసుకున్నది మీకు చెబుతాం.

హైదరాబాద్ బేగంపేట నుండి బెల్లంపల్లికి పటం మీద తిన్నగా గీత గీస్తే సుమారు 200 కిలోమీటర్లు. దిశ ఉత్తరం నుండి తూర్పుకు దాదాపు 30 డిగ్రీలు. గంటకు 240 కి.మీ. వేగమంటే నిమిషానికి 4 కి.మీ., అంటే 50 నిమిషాల ప్రయాణం. పటం, దిక్సూచి, గడియారం ఉంటే ఈ లెక్క చాలు.

కానీ గాలి పక్కకు నెడుతుంది. ఒక్క డిగ్రీ తప్పితే 60 కి.మీ. పోయేసరికి 1 కి.మీ. పక్కకు జరుగుతాం. 5 డిగ్రీలు తప్పితే బెల్లంపల్లికి బదులు దాదాపు 17 కి.మీ. అవతల ఉంటాం. అందుకే పైలట్ గోదావరి, కాజీపేట–బల్లార్షా రైలు మార్గం, రామగుండం పొగగొట్టాలు చూసి దారి సరిచేసుకుంటాడు.

దట్టమైన అడవిలో ఇట్లాంటి గుర్తులు దొరకవు. మబ్బు కమ్మితే కొండ కూడా కనబడదు. అందుకే ఏ ప్రాంతంలో ఎంత ఎత్తుకు తగ్గరాదో పైలట్ల పటంలో అంకెలు వేసి ఉంటాయి. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో కూలి ఐదుగురు మరణించారు. ఎంత వెతికినా మరునాడు గానీ జాడ తెలియలేదు.

ఇప్పుడు జీపీఎస్ ఉంది. మూడు ఉపగ్రహాల దూరాలతో మన చోటు తెలుస్తుంది, పరికరం గడియారంలోని తేడాను నాలుగోది సరిచేస్తుంది. ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి నెలకొల్పిన ‘గగన్’ ఆ లెక్కలోని తప్పును ఇంకా తగ్గిస్తుంది. నేల దగ్గరపడితే హెచ్చరించే పరికరాలూ వచ్చాయి. అయినా పరికరం పనిచేయకపోతే పటమే దిక్కు.

మన నాన్నలు దిగే బాయిలోకి మాత్రం ఉపగ్రహ సంకేతం రాదు. అక్కడ సర్వేయర్ కొలిచి గీసిన ప్లానే దారి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. నీళ్లు నిలిచిన పాత పనులు ఎక్కడున్నాయో, మధ్యలో ఎంత బొగ్గు గోడ ఉందో ప్లానులో సరిగ్గా ఉండాలి.

మిత్రులారా! సోషల్ పరీక్షలో పటం ప్రశ్న వస్తే మార్కుల కోసం గీసి మరిచిపోతున్నాం. ఇకనుండి స్కేలు, దిక్కు శ్రద్ధగా నేర్చుకుందాం. రేపు మనలో ఒకరు పైలట్ కావచ్చు, మరొకరు గని సర్వేయర్ కావచ్చు. ఆ గీత మీద ఎవరి ప్రాణమో ఆధారపడి ఉంటుంది.