ఇంకాల మెట్లదారిలో... ఆ ప్రశ్న లేని నాలుగు రోజులు

‘పెళ్లయిందా... పిల్లలెందరు?’ ఏ ప్రయాణంలోనైనా పక్కసీటువాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే. దానికేం చెప్పాలో తోచక పై బెర్తు ఎక్కి నిద్ర నటించేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లు పదిమంది కలిసి కొండలెక్కితే? పెరూలోని మాచుపిచ్చు శిథిలాల దాకా గే యాత్రికుల కోసం ప్రత్యేకంగా సాగే ట్రెక్కింగ్ కథ ఇది.

కస్కో... పెరూ దేశంలో 3,400 మీటర్ల ఎత్తున ఉన్న నగరం. ఒకప్పుడు ఇంకా సామ్రాజ్యానికి రాజధాని. మాచుపిచ్చుకు నడిచి వెళ్లాలనుకునేవాళ్లు ముందు చేరేది ఇక్కడికే. ఊళ్లో అడుగుపెట్టగానే ఎక్కడ చూసినా ఇంద్రధనుస్సు రంగుల జెండాలు కనిపిస్తాయి. గే యాత్రికులకు ఆ రంగులు బాగా పరిచయం. ‘ఊరు ఊరంతా మనకే స్వాగతం చెబుతోందే!’ అని మురిసిపోయేవాళ్లకు లెక్కలేదు. అసలు సంగతి వేరు. అది కస్కో నగరం సొంత జెండా! అక్కడి ఓ రేడియో స్టేషన్ పాతికేళ్ల పండగ కోసం 1973లో తయారై, 1978లో నగరానికి అధికారిక జెండా అయింది. విచిత్రం ఏమంటే, అదే 1978లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్ అనే కళాకారుడు స్వలింగ ప్రేమికుల ఉద్యమానికి ఇంద్రధనుస్సు జెండా తయారుచేశాడు. దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు. కస్కో జెండాలో ఏడు పట్టీలు, ఇప్పుడు వాడుకలో ఉన్న గే జెండాలో ఆరు. గాలికి ఎగిరే జెండాలో పట్టీలు లెక్కపెట్టేదెవరు? చివరికి 2021లో నగరపాలకులు తమ జెండా మధ్యలో ఓ బంగారు సూర్యబింబాన్ని చేర్చారు, రెండిటినీ జనం ఒకటనుకోకుండా.

స్వాగతం సంగతికొస్తే, పెరూది అటూ ఇటూ కాని వ్యవహారం. అక్కడ స్వలింగ సంబంధం నేరం కాదని 1924లోనే తేల్చేశారు. పెళ్లికి మాత్రం చట్టంలో చోటు లేదు. పొరుగునున్న బ్రెజిల్ 2013లో, కొలంబియా 2016లో, ఈక్వెడార్ 2019లో, చిలీ 2022లో స్వలింగ వివాహాలకు తలుపులు తీశాయి. పెరూ తియ్యలేదు. 2024లో అయితే ట్రాన్స్‌జెండర్లను మానసిక రుగ్మతల జాబితా కింద చూపుతూ ఓ ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. జనం వీధుల్లోకి వచ్చాక దాన్ని సవరించారు. పర్యాటకుడికి ఇవేవీ హోటల్లోనో రెస్టారెంట్లోనో తగలకపోవచ్చు. కానీ చెయ్యి పట్టుకుని నడవాలంటే ముందు నాలుగు వైపులా చూసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటైన మనిషి, కొత్త ఊళ్లోనూ చూసుకుంటాడు.

వేరే గుంపు ఎందుకు?

‘కొండకేం తెలుసు ఎక్కేవాడు ఎవడో? అందరితో కలిసి వెళ్లొచ్చు కదా?’ అనొచ్చు ఎవరైనా. అడగదగ్గ ప్రశ్నే. అయితే ఈ దారి సంగతి తెలియాలి. ఇంకా ట్రయల్ మీద మన ఇష్టానికి మనం నడిచి వెళ్లిపోవడానికి లేదు. లైసెన్సు ఉన్న సంస్థ ద్వారా, గైడుతోపాటే వెళ్లాలి. రోజుకు 500 మందినే లోపలికి పంపుతారు. అందులో గైడ్లు, వంటవాళ్లు, సామాను మోసే పోర్టర్లు పోగా యాత్రికులు సుమారు 200 మంది. పర్మిట్ మీద పేరూ పాస్‌పోర్టు నంబరూ ఉంటాయి. ఒకరిది మరొకరికి మార్చరు.

అంటే, ఎవరో తెలియని పదిమందితో నాలుగు పగళ్లు, మూడు రాత్రులు. ఒకే గుడారంలో భోజనాలు. ఇద్దరికొక టెంటు. ఒంటరిగా వచ్చినవాళ్లకు ముక్కూమొహం తెలియని మరొకరితో పడక. సాయంత్రం ఆరు దాటితే చీకటి. ఫోన్లు పలకవు, టీవీ లేదు. వేడి సూపు గ్లాసు చేతిలో పెట్టుకుని కబుర్లే కబుర్లు. కబుర్లు ఎక్కడ మొదలవుతాయి? ‘మీ ఆవిడ రాలేదా?’ దగ్గర! అడిగినవాళ్ల తప్పేం లేదు. పలకరింపు అది. జవాబు చెప్పాల్సినవాడే లోలోపల లెక్కలు వేసుకుంటాడు. నిజం చెబితే మిగిలిన మూడు రోజులూ ఎలా ఉంటుందో? అబద్ధం చెబితే రేపు అది గుర్తుంటుందా? పక్కన నడిచే మనిషిని ‘ఫ్రెండ్’ అని పరిచయం చేశాక, ఎత్తు పడక అతనికి తల తిరుగుతుంటే రాత్రంతా కూర్చుని ఒళ్లో పడుకోబెట్టుకోవచ్చా? ఊపిరే సరిగా అందని చోట ఇన్ని లెక్కలు మొయ్యడం చిన్న బరువేం కాదు.

అందుకే ఈ ప్రత్యేక బృందాలు. వీటి చరిత్ర యాభై ఏళ్లు దాటింది. హాన్స్ ఎబెన్‌స్టెన్ అనే టూర్ నిర్వాహకుడు 1973లో కొందరు గే పురుషులను తెప్పల మీద కొలరాడో నదిలో, గ్రాండ్ కాన్యన్ లోయ గుండా తీసుకెళ్లాడు. గే యాత్రలకు ఆద్యుడిగా ఆయన్నే చెబుతారు. అప్పటిదాకా అలాంటివాళ్లు కలుసుకోవాలంటే పెద్ద నగరాల్లో బార్లూ, కొన్ని బీచ్‌లూ. పగటిపూట, ఆరుబయట, నది మధ్యలో కలిసి వంట చేసుకు తినడం అనే ఆలోచనే కొత్త. 1983లో ఈ రంగంలోని సంస్థలకు అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. ఇప్పుడు అమెరికా, కెనడాల్లోని కొన్ని సంస్థలు పెరూ యాత్రలను ఏటా నడుపుతున్నాయి.

ఇది అందరికీ అందేది కాదన్న మాటా నిజమే. మామూలు బృందాలకంటే ఖర్చు ఎక్కువ. వచ్చేవాళ్లలో ధనిక దేశాలవాళ్లు, అందులోనూ మగవాళ్లే ఎక్కువ. ‘దాపరికం లేని నాలుగు రోజులు’ కూడా డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన వస్తువైపోయిందన్న వెటకారాన్ని తోసిపుచ్చలేం.

చనిపోయిన స్త్రీ కనుమ

దారి మొత్తం సుమారు 43 కిలోమీటర్లు. కస్కో నుంచి మాచుపిచ్చు వైపు వెళ్లే రైలు మార్గంలో 82వ కిలోమీటరు రాయి దగ్గర మొదలవుతుంది. ఆ చోటుకు పేరు కూడా అదే, ‘కిలోమీటర్ 82’. దానికి ముందు రెండు మూడు రోజులు కస్కోలోనో, పక్క లోయలోనో ఉండి ఒంటిని ఎత్తుకు అలవాటు చేసుకోవాలి. కస్కోలో మనకందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదాంట్లో సుమారు మూడింట రెండొంతులే. హోటళ్లలో కోకా ఆకుల టీ ఇస్తారు. అక్కడ అది మనకు చాయ్ ఎంతో అంత. అలాగని నాలుగాకులు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చారో, విమానాశ్రయంలో చిక్కే!

మొదటిరోజు ఉరుబాంబా నది పక్కన తేలికపాటి నడక. అసలు పరీక్ష రెండోరోజు. సుమారు 3,000 మీటర్ల ఎత్తు నుంచి 4,215 మీటర్ల కనుమకు ఎక్కాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరితే మనం పైకి వెళ్లేది సుమారు 700 మీటర్లు. ఇక్కడ ఒక్కరోజులో అంతకు ఒకటిన్నర రెట్లు దాటి, అదీ పలచటి గాలిలో. ఆ కనుమ పేరు వార్మివాన్యుస్కా. క్వెచువా భాషలో ‘చనిపోయిన స్త్రీ’ అని. కింది నుంచి చూస్తే కొండ వరస వెల్లకిలా పడుకున్న ఆడమనిషిలా ఉంటుంది, అందుకని. పది అడుగులు, ఆగడం. మళ్లీ పది అడుగులు. ముందు వెళ్లినవాళ్లు పైనుంచి పేరు పెట్టి పిలుస్తుంటారు. ఎవరు ఎవరో, ఎవరికి ఎవరో ఎవరూ అడగరు, అడిగే ఓపికా ఉండదు.

మూడోరోజు మెట్లు దిగడమే ఎక్కువ. ఎక్కడం గుండెకు పరీక్షయితే ఇది మోకాళ్లకు. అయితే దారంతా శిథిలాలే. రుంకురాకాయ్, సాయక్‌మార్కా, ‘మబ్బుల మీది ఊరు’ అనే అర్థమొచ్చే ఫుయుపటామార్కా... చివరికి విన్యాయ్ వైనా. ఆ మాటకు ‘నిత్య యవ్వనం’ అని అర్థం, అక్కడ పూసే ఆర్కిడ్ పేరు అది. కొండవాలు మీద వరుస వరుసగా రాతికట్టు పొలాలు, మధ్యలో నీటి తొట్లు. చాలామందికి మాచుపిచ్చుకంటే ఇదే గుర్తుండిపోతుంది. జనం తక్కువ కదా!

మోసేవాళ్ల పరిచయం

ఈ కథలో అసలు కొండలెక్కేవాళ్లు పోర్టర్లు. టెంట్లు, గ్యాస్ సిలిండర్లు, గిన్నెలు, కూరగాయలు అన్నీ వాళ్ల వీపుల మీదే. మనం చేరేసరికి టెంటు వేసి, వేడినీళ్లు పెట్టి ఉంచుతారు. వాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్లలోని క్వెచువా రైతులు. ఒకప్పుడు ఎంత బరువైనా మోయించేవారు. 2001లో చట్టం వచ్చి పరిమితి 20 కిలోలయింది. దారిలో కాటా పెట్టి మరీ తూస్తారు. ఈమధ్య స్త్రీలు కూడా ఈ పనిలోకి వస్తున్నారు.

చాలా బృందాల్లో మొదటి సాయంత్రమో రెండోనాడో ఓ చిన్న తంతు ఉంటుంది. పోర్టర్లూ యాత్రికులూ ఎదురెదురుగా గుండ్రంగా నిలబడతారు. ఒక్కో పోర్టరూ ముందుకొచ్చి పేరు, ఊరు, వయసు, పెళ్లయిందో లేదో, పిల్లలెంతమందో చెబుతాడు. గైడు దాన్ని ఇంగ్లిషులోకి మారుస్తాడు. తర్వాత యాత్రికుల వంతు.

చూశారా... ఏ ప్రశ్న తప్పించుకోవాలని ఇంత దూరం వచ్చారో అదే ఎదురైంది! కాకపోతే ఇక్కడ తేడా ఉంది. పక్కన తనలాంటివాళ్లు పదిమంది నిలబడి ఉంటారు. ‘ఇతను నా భర్త, పన్నెండేళ్లుగా కలిసి ఉంటున్నాం’ అన్న మాటను గైడు క్వెచువాలోకి ఎలా మారుస్తాడన్నదే కీలకం. ‘స్నేహితులట’ అని దాటేయొచ్చు. ఉన్నదున్నట్టూ చెప్పొచ్చు. ఇలాంటి యాత్రలు నడిపే సంస్థ ఎంత నిజాయితీగలదో హోటల్ గదిలోని ఇంద్రధనుస్సు దిండ్లను బట్టి కాదు, ఎలాంటి గైడును పెట్టుకుందన్నదాన్ని బట్టి తెలుస్తుంది. పోర్టర్లకు ఎంత కూలి ఇస్తున్నారు, పడుకోవడానికి టెంటు ఇస్తున్నారా, కడుపునిండా పెడుతున్నారా అన్నదీ అంతే ముఖ్యం. తన గౌరవం కోసం డబ్బు కట్టి వచ్చినవాళ్లు తమ మూటలు మోసేవాళ్ల గౌరవం గురించి ఓ మాట అడిగి తీరాలి.

సూర్యద్వారం

నాలుగోరోజు తెల్లవారుజామునే లేచి తనిఖీ గేటు దగ్గర వరుసలో నిలబడాలి. అక్కడి నుంచి ఇంతీపుంకు, అంటే ‘సూర్యద్వారం’ దాకా నడక. చివర్లో నిటారుగా కొన్ని మెట్లు. అవి ఎక్కగానే, మబ్బు లేకపోతే, దూరంగా కింద మాచుపిచ్చు. మబ్బుంటే తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. డబ్బు వాపసు లేదు!

ఇనుప పనిముట్లు లేకుండా, చక్రాల బండి లేకుండా, 15వ శతాబ్దంలో పచాకుటి చక్రవర్తి కాలంలో కట్టిన ఊరిది. మేలి కట్టడాల్లో సున్నం లేదు, అడుసు లేదు. రాయిలో రాయి ఇమిడిపోయింది. స్పెయిన్‌వాళ్ల దండయాత్ర తర్వాత అడవి కమ్మేసింది. 1911 జులై 24న అమెరికా ప్రొఫెసర్ హైరం బింగ్‌హాం దీన్ని ‘కనుగొన్నాడు’ అని పుస్తకాల్లో రాస్తారు. ఆయన వెళ్లేసరికే అక్కడ రైతు కుటుంబాలు పంటలు పండించుకుంటున్నాయి. 1902లోనే వచ్చిన లిసరాగా అనే స్థానికుడు గోడ మీద బొగ్గుతో తన పేరూ రాసిపోయాడు. ఉన్నవాళ్లను లేనట్టే లెక్కగట్టడం చరిత్రకు కొత్తేం కాదు మరి. 1983లో యునెస్కో ఈ చోటును వారసత్వ సంపదగా గుర్తించింది. 2007లో కొత్త ఏడు వింతల్లో మన తాజ్‌మహల్ పక్కన చోటు దక్కింది.

ఇంద్రధనుస్సు కండువాలతో ఫొటోలు దిగి, బస్సులో కిందికి దిగి, రైలెక్కి మళ్లీ కస్కో. అక్కడి నుంచి ఎవరిళ్లకు వాళ్లు. కొందరికి ఇంటి దగ్గర పెళ్లి సర్టిఫికెట్ ఉంటుంది. కొందరికి ఆ ఫొటోను ఫోన్లో దాచుకోవాల్సిన అవసరం ఉంటుంది. మన దేశంలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాన్ని నేరాల జాబితా నుంచి తప్పించింది. పెళ్లి హక్కు కోసం వెళ్లినవాళ్లకు మాత్రం 2023 అక్టోబరు 17న కాదంది. ఆ పిటిషన్లు వేసినవాళ్లలో హైదరాబాద్‌లో కాపురముంటున్న జంటా ఉంది. బంధువుల ముందు ఉంగరాలు మార్చుకున్న జంట. హనీమూన్ ప్యాకేజీ దరఖాస్తులో భార్య పేరు, భర్త పేరు అని రెండే గళ్లుంటే వాళ్లు ఏ గడి నింపాలి?

వెళ్లాలనుకునేవాళ్లకు మరికొన్ని వివరాలు. ఫిబ్రవరిలో మరమ్మతుల కోసం ఇంకా ట్రయల్‌ను ఏటా మూసేస్తారు. మే నుంచి సెప్టెంబరు వరకూ వానలు తక్కువ, అప్పటి పర్మిట్లు నెలల ముందే అయిపోతాయి. పగలు ఎండ, రాత్రి గడ్డకట్టే చలి కాబట్టి మందపాటి స్లీపింగ్ బ్యాగు తప్పనిసరి. సామానులో చేతికర్ర ఉంటే దాని మొనకు రబ్బరు తొడుగు వేయించండి. ఇనుప మొన ఉన్న కర్రలను ఆ రాతిమెట్ల మీదికి అనుమతించరు.