కాఫీ తోటలో అలసంద, కొట్టంలో పచ్చిమేత

కాఫీ తోటకూ పాల సంఘానికీ ఏమి సంబంధమని కొందరు సభ్యులు అడుగవచ్చును. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో సిల్వర్ ఓక్ నీడన అరబికా కాఫీ పెంచే చిన్న రైతుల్లో చాలామందికి పచ్చిమేత కోసం వేరే భూమి లేదు. కాఫీ మొక్కలు గుబురెక్కేవరకు, అనగా మొదటి మూడేండ్లు, వరుసల నడుమ నేల మాత్రం ఖాళీగా పడి ఉంటుంది. వానలకు ఆ పైమట్టి వాలు వెంట దిగిపోతుంది. కాఫీకి ఆహారం పీల్చే సన్నవేళ్లు ఎక్కువగా అడుగు లోతులోనే ఉంటాయి గనుక ఆ నష్టం చెట్టుదే.

తొలకరికి ఈ ఖాళీలో అలసందగాని, పిల్లిపెసరగాని వాలుకు అడ్డంగా చాళ్లలో వేయాలి. వీటి వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. కాఫీ మొదలు చుట్టూ రెండడుగులు వదలాలి. రబ్బరు తోటల్లో వేసే ప్యురేరియా వంటి తీగజాతులు ఇక్కడ వద్దు. అవి కాఫీ మొక్కనే చుట్టుకుంటాయి. విప్పడానికి కూలి ఎవరిస్తారు?

పూతకు వచ్చినప్పుడు కోయాలి. అసలు చిక్కు అక్కడే. వంద కిలోల పచ్చి అలసందలో సుమారు అరకిలో నత్రజని ఉంటుంది. మోపులన్నీ కొట్టానికి చేరితే తోటకు మిగిలేది మోళ్లు, వేళ్లు మాత్రమే. అయితే ఆవు తిన్న నత్రజనిలో దాదాపు మూడు వంతులు పేడలో, మూత్రంలో బయటకు వస్తుంది. సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు కొట్టాలు కూడా చూస్తుంటాను: పేడ కుప్ప బాగానే ఉంటుంది, మూత్రం మాత్రం కాలువ పాలు. పశువు కింద ఎండుటాకు పరచి, తడిసినదాన్ని పెంటలో వేసి, ఆ ఎరువును తోటకు మోయగలవారే మేతకు కోయాలి. అప్పుడు కూడా సగం కోత మొక్కల మొదళ్లలో పరచడం మేలు. మోయలేనివారు మొత్తం అక్కడే వదలాలి. వానలు వెనుకపట్టగానే మిగిలిన పైరును కోసి పరచకపోతే కాఫీకి దక్కవలసిన తేమను అదే తాగుతుంది.

పశువులను తోటలోకి తోలరాదు. తడి అలసంద ఒక్కటే పెడితే కడుపు ఉబ్బుతుంది. వాడనిచ్చి, మూడు వంతుల గడ్డిలో ఒక వంతు కలపాలి. ఆకు తుప్పుకు బోర్డో మిశ్రమం చల్లిన తోటలో మేత కోయవద్దు. గిలిగిచ్చ పచ్చిరొట్టకు పనికివచ్చినా కాలేయానికి చేటు గనుక మేతగా పెట్టరాదు.

విత్తనం కావలసిన సభ్యుల జాబితాను కార్యదర్శులు మే మొదటి వారానికి సిద్ధం చేసుకోవాలి.