ఒకే ఇంట్లో రెండు కాపురాలు!

పాత ఫోన్ అమ్మేద్దామని బయల్దేరుతుంటే అమ్మ ఆపేసింది. ‘అందులో నా వేలిముద్ర ఉంది కదరా, వాడెవడో పింఛను డబ్బులు లాగేస్తే?’ అంది. నవ్వేశాను గానీ రాత్రి నాకే నిద్ర పట్టలేదు. అసలు అది ఎక్కడుంటుంది?

ఫోన్‌లో ర్యామ్ ఒక్కటే. గేములూ, వాట్సాపూ, బ్యాంకు యాపూ అన్నీ అందులోనే సర్దుకోవాలి. అయితే ఆర్మ్ ప్రాసెసర్లలో ‘ట్రస్ట్‌జోన్’ అనే ఏర్పాటుంది. అదే ర్యామ్‌లో కొంత భాగానికి హార్డ్‌వేరే కంచె వేస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వేలిముద్రను సరిచూసేది ఆ కంచె లోపలే. యాపులకే కాదు, ఆండ్రాయిడ్‌కీ అందులోకి తొంగిచూసే వీల్లేదు. ‘సరిపోయింది’ అన్న జవాబొక్కటే బయటికొస్తుంది. దాచేదీ వేలి ఫొటో కాదు, దాన్నుంచి తీసిన గుర్తుల లెక్క.

మరి ఒకే ర్యామ్‌లో పక్కపక్కనే కాపురమంటే భయం లేదా? ఇక్కడే నాకు గుండె జారింది. ర్యామ్‌లో గడులు వరసలుగా, మరీ ఇరుగ్గా ఉంటాయి. ఒక వరసను రెప్పపాటులో లక్షసార్లకు పైగా కదిపితే పక్క వరసలో 0 కాస్తా 1 అయిపోవచ్చు. పక్క ఫ్లాటువాళ్లు గోడకు మేకులు కొడితే మనింట్లో అటక మీది గిన్నె పడ్డట్టు! దీని పేరు ‘రోహామర్’. 2014లో పరిశోధకులు బయటపెట్టారు. 2016లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులైతే ఏ పర్మిషనూ అడగని యాప్‌తో కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లను గుప్పిట్లోకి తెచ్చుకుని చూపించారు. ఆపైనే గూగుల్ అప్‌డేట్ పంపింది. నేను ఆరు నెలలుగా ‘లేటర్’ నొక్కుతున్నది అలాంటివాటినే!

మర్నాడు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను.

‘షాపువాడికేం మిగల్లేదుగా?’

‘లేదమ్మా.’

అప్పుడు వదిలింది ఫోన్‌ని.