డబ్బిచ్చి కొన్న ఆటే చవక

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడింది బంగారం అయిపోయి కాదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అడుగుపెట్టిన నాటి నుంచి 120 ఏళ్లలో దాదాపు 800 టన్నుల బంగారం ఇచ్చిన నేల అది. అడుగున ఇంకా ఉంది. కానీ ఒకప్పుడు టన్ను రాతికి పదుల గ్రాములు దొరికిన చోట చివరికి మూడు నాలుగు గ్రాములే దొరికాయి. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. గ్రాము బంగారం పైకి తేవడానికి అయ్యే ఖర్చు ఆ గ్రాము ధరను మించిపోయింది. ధర మారితే లెక్కా మారుతుంది: అదే ఊళ్లో మిగిలిన సైనైడ్ దిబ్బల్లోంచి బంగారం తీసే ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఒప్పుకుంది. ఒకదాని విలువ తేల్చాలంటే అందులో ఏముందో చూస్తే చాలదు, దాన్ని బయటికి తీయడానికి మన చేతినుంచి ఎంత పోతుందో కూడా చూడాలని ఈ ఊరికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఫోన్‌లో ఆడే గేమ్‌ను డబ్బు పెట్టి కొనాలా అన్న ప్రశ్ననూ ఇలాగే తేల్చాలి.

కోలారు జిల్లాలో ఈ ప్రశ్న చిన్నది కాదు. గని పోయాక కేజీఎఫ్‌లో ఎంతోమందికి బతుకుతెరువు బెంగళూరే. మారికుప్పంలోనో చాంపియన్‌లోనో తెల్లవారుజామున రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగళూరు దాకా పోయి, రాత్రికి తిరిగొచ్చేవాళ్లకు రోజులో కొన్ని గంటలు రైల్లోనే గడుస్తాయి. ఆ గంటలకు తోడు ఫోనే. ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే పిల్లల చేతిలోనూ ఫోనే, అదీ చాలా ఇళ్లలో నాన్నదో అమ్మదో. ఐఫోన్లు బిగించే నరసాపుర కర్మాగారం ఈ జిల్లాదే. 2020 డిసెంబరులో అక్కడి కార్మికులు జీతాల కోసం ఆగ్రహించడం దేశమంతా వార్తయింది. ప్రతి వంద రూపాయలకూ లెక్క చూసుకునే ఇళ్లలో ‘ఆటకు కూడా డబ్బులా?’ అని అడగడం న్యాయమే. నా జవాబు సూటిగా చెబుతాను. డబ్బు పెట్టదలిస్తే ధరంతా ముందే చెప్పి ఒక్కసారే తీసుకునే ఆటకు పెట్టండి. ఉచితమని పిలిచి లోపల నాణేలూ వజ్రాలూ అమ్మే ఆటకు ఒక్క రూపాయీ వద్దు.

ఉచిత ఆట ఎలా బతుకుతుందో చూస్తే సంగతి తెలుస్తుంది. క్యాండీ క్రష్ తయారుచేసిన కింగ్ కంపెనీ 2014లో అమెరికా షేర్ మార్కెట్‌కు వచ్చేటప్పుడు తన లెక్కలు బయటపెట్టాల్సి వచ్చింది. 2013 చివరి మూడు నెలల్లో ఆ కంపెనీ ఆటలు ఆడినవాళ్లలో డబ్బు చెల్లించినవాళ్లు నెలకు నూటికి నలుగురే. మిగతా 96 మంది వినోదాన్ని ఆ నలుగురే మోశారు. రాబడంతా నలుగురి నుంచే వస్తున్నప్పుడు ఆటను ఎవరి కోసం మలుస్తారు? వాళ్లు ఎక్కడ విసిగితే డబ్బు తీస్తారో సరిగ్గా అక్కడ ఆట ఆగేలా మలుస్తారు. క్యాండీ క్రష్‌లో ఐదు ప్రాణాలు అయిపోతే అరగంటకొకటి వచ్చేదాకా కూర్చోవాలి, లేదా కొనాలి. ఇబ్బందిని తయారుచేసేదీ కంపెనీయే, దాన్ని తొలగించడానికి ధర కట్టేదీ కంపెనీయే. పైగా ఆ ధర రూపాయల్లో కనబడదు. రూపాయలు ముందు వజ్రాలవుతాయి, వజ్రాలు ఇంకేవో అవుతాయి, మూడో మెట్టు దగ్గర కత్తికో చొక్కాకో ఎంత పోసిందీ గుర్తుండదు. కొన్నిచోట్ల ఏది కొంటున్నామో కూడా తెలియదు: పెట్టె తెరిస్తే ఏదో ఒకటి వస్తుంది, కావలసింది రాకపోతే మళ్లీ తెరవాలి. ఇలాంటి పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లో తేల్చింది. మోసపు మీటలతో ఆటగాళ్ల చేత అక్కర్లేని కొనుగోళ్లు చేయించినందుకు ఫోర్ట్‌నైట్ కంపెనీ ఎపిక్ 24.5 కోట్ల డాలర్లు వాపసు ఇచ్చేలా 2022 డిసెంబరులో అమెరికా వాణిజ్య కమిషన్‌తో ఒప్పందానికి రావాల్సి వచ్చింది.

అలా కొన్నవి మన చేతిలో ఉంటాయా అంటే అదీ లేదు. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీని కేంద్రం నిషేధించింది. అక్టోబరు 30తో మన దేశంలో దాని సర్వర్లు ఆగిపోయాయి. దుస్తులకూ తుపాకుల రంగులకూ వేలు పోసినవాళ్లు, 2021 జులైలో దాని భారతీయ రూపం బీజీఎంఐ వచ్చి పాత ఖాతాను తెచ్చుకోనిచ్చేదాకా, ఎనిమిది నెలలు ఎదురుచూశారు. 2022 జులైలో బీజీఎంఐ కూడా స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో గాని తిరిగి రాలేదు. నిషేధం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. సర్వర్‌లో ఉన్న వస్తువుకు డబ్బిచ్చినవాడు యజమాని కాడని ఈ వరుస చెబుతోంది.

ఇప్పుడు రెండో రకం చూద్దాం. మాన్యుమెంట్ వ్యాలీ 2014లో వచ్చింది. పది అధ్యాయాలు, రెండు గంటల్లో అయిపోతుంది. ప్రకటనలు లేవు, ఎదురుచూపు లేదు. మాటలు చాలా తక్కువ కాబట్టి ఇంగ్లిష్ అంతగా రాని పిల్లవాడికీ అడ్డు ఉండదు. అదే ఏడాది దానికి రెండు డాలర్లకు కొత్త అధ్యాయాలు అమ్మితే, మళ్లీ డబ్బు అడుగుతారా అని కొందరు కోపంతో ఒక్క నక్షత్రం వేశారు. ఆ కోపం గురి తప్పిందని నా అభిప్రాయం. ఏమి ఇస్తారో, ఎంతకు ఇస్తారో ముందే చెప్పిన అమ్మకం అది. స్టార్‌డ్యూ వ్యాలీ ఎరిక్ బరోన్ అనే ఒక్కరు తయారుచేసిన వ్యవసాయపు ఆట. ఆండ్రాయిడ్‌లోకి 2019లో వచ్చింది. ఒకసారి కొంటే పదుల గంటలు ఆడుకోవచ్చు, లోపల అమ్మకాలు లేవు, నెట్ లేకున్నా నడుస్తుంది. సిగ్నల్ వచ్చి పోయే రైలు దారిలో ఇది చిన్న సుగుణం కాదు. అందులో తెలుగు లేదు, కన్నడం లేదు. ఆ లోటు నిజమే, మన భాషల్లో డబ్బిచ్చి కొనేవాళ్లు పెరిగితే గాని తీరదు. ధరను ఆడే గంటలతో భాగిస్తే, మూడు వందలకు కొని ముప్పై గంటలు ఆడిన ఆట గంటకు పది రూపాయలు. ఉచిత ఆటలో ఇదే భాగహారం చెయ్యండి, పైన ప్రకటనలు చూసిన నిమిషాలూ ఖర్చయిన డేటా కూడా కలపండి. ప్రాణాలు కొనే అలవాటున్న ఇంట్లో ఏది చవకో తేలిపోతుంది. చందా పద్ధతీ ఉంది: గూగుల్ ప్లే పాస్ 2022లో మన దేశానికి నెలకు 99 రూపాయలకు వచ్చింది. నెలకు మూడు నాలుగు ఆటలు మార్చేవాళ్లకు అది మేలు. ఒకే ఆటను ఆర్నెల్లు ఆడేవాళ్లకు విడిగా కొనుక్కోవడమే లాభం.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది, కొన్న ఆటలూ చచ్చిపోతాయి కదా అన్నది. నిజమే. 2017లో ఐఓఎస్ 11 రాగానే పాత 32 బిట్ ఆటలు, డబ్బిచ్చి కొన్నవి సహా, తెరుచుకోవడం మానేశాయి. కొన్న ఆట శాశ్వతమని నేను అనను. పోతే పోయేది ఒకసారి ఇచ్చిన ధరే, దానికి తగ్గ గంటలు అప్పటికే ఆడేసి ఉంటాం. నాణేల ఆటలో పోయేదానికి హద్దే లేదు. రెండోది, పేదింటి పిల్లలకు ఉచిత ఆటే వరం కదా అన్నది. పైసా పెట్టకుండా ఆడగలిగితే వరమే, ఆ 96 మందిలో ఉండిపోవడంలో తప్పులేదు. అయితే ఒక సంగతి చాలామందికి తెలియదు: గూగుల్ ప్లేలో కొన్న ఆటల్లో చాలావాటిని కుటుంబ లైబ్రరీ ద్వారా ఇంకో ఐదుగురితో పంచుకోవచ్చు, ఆట లోపల కొన్న నాణేలను పంచుకోలేం. ఆరుగురున్న ఇంటికి 300 రూపాయల ఆట తలకు 50 పడుతుంది. ఇక పోటీల్లో ఆడి పైకి రావాలనుకునే కుర్రాళ్ల సంగతి: ఆన్‌లైన్ ఆటలపై పార్లమెంటు చేసిన 2025 చట్టం ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చింది. బీజీఎంఐలో గురి కుదరడానికి సాధన కావాలి, కొన్న దుస్తులు అందుకు పనికిరావు.

రమ్మీ, ఫాంటసీ క్రికెట్ లాంటి పందెపు యాప్‌లను ఈ లెక్కలోకే తేను, అక్కడ కొనేది ఆట కాదు. కర్ణాటక 2021లో తెచ్చిన నిషేధాన్ని హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసినా, పార్లమెంటు 2025 ఆగస్టులో దేశమంతటా డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆ ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా.

కాబట్టి కొనేముందు స్టోర్‌లో ఆట పేరు కింద ‘యాప్‌లో కొనుగోళ్లు’ అన్న మాట ఉందేమో చదవండి. ఉంటే ఒక వస్తువుకు ఎంతనుంచి ఎంతదాకా అడుగుతారో కిందికి దిగితే కనబడుతుంది. పిల్లల చేతికిచ్చే ఫోన్‌లో ప్రతి చెల్లింపుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. కొన్న ఆట నచ్చకపోతే 48 గంటల్లోపు గూగుల్ ప్లేలోనే డబ్బు వాపసు అడగవచ్చు. తప్పుడు తొందర పెట్టి అమ్మడం, చందాలో ఇరికించడం లాంటి 13 రకాల మాయలను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. అలా మీ డబ్బు పోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యండి, తెలుగులోనే చెప్పవచ్చు.