జావాకూ డేటాబేస్‌కూ మధ్య దుబాసి

బదిలీపై కొత్త రాష్ట్రానికి వెళ్లిన ప్రతిసారీ నాకు మొదట కావలసింది దుబాసి. జావా ప్రోగ్రాముకూ అంతే. జావాలో విద్యార్థి ఒక ఆబ్జెక్టు. డేటాబేస్‌లో పట్టికలోని ఒక వరుస. ఈ రెండింటినీ కలిపే దుబాసి హైబర్నేట్. దీన్ని 2001లో గావిన్ కింగ్ ప్రారంభించారు. క్లాసుపై ‘ఎంటిటీ’ అనీ, రోల్ నంబరుపై ‘ఐడీ’ అనీ గుర్తు పెడితే, ఎస్‌క్యూఎల్ వాక్యాలను అదే రాసిస్తుంది.

అయితే ఒక జాగ్రత్త. 40 మంది విద్యార్థుల జాబితా తెచ్చి, ఆపై ఒక్కొక్కరి మార్కులు విడిగా అడిగితే, డేటాబేస్‌కు 41 ప్రశ్నలు వెళ్తాయి. ‘జాయిన్ ఫెచ్’ వాడితే ఒక్కటే చాలు. ఈ తేడా హైబర్నేట్ పంపిన ఎస్‌క్యూఎల్‌ను చదివితేనే బయటపడుతుంది.

దుబాసి ఉన్నాడని ఆ ఊరి భాష నేర్చుకోవడం మానకూడదు. పిల్లలూ, పన్నెండో తరగతి ఎస్‌క్యూఎల్‌ను అశ్రద్ధ చేయకండి.