నాగలి పట్టని పెరడు
ఎర్ర చెల్కలో సూక్ష్మజీవులచే మట్టిని బాగుచేయు విధము

 

ఈసారి కారేపల్లి పొలిమేర దాటి అడవి అంచునకు పోయినపుడు ఒక చెట్టు క్రింద కూర్చుండి, రాలిన ఆకులను చేతితో తొలగించి చూడండి. పై ఆకు ఎండి యుండును. దాని క్రింది ఆకు సగము చివికి యుండును. ఇంకను క్రింద నల్లని మెత్తని మట్టి, అందులో తెల్లని దారముల వంటి బూజు కనబడును. ఈ నేలను ఎవరు దున్నిరి? ఎవరు ఎరువు వేసిరి?

అటువంటి ఎర్ర నేలయే మన పెరటిలో తొలకరి వానకు పెచ్చు కట్టుచున్నది. నీరు ఇంకక మట్టితో సహా కొట్టుకొనిపోవుచున్నది. ఒక అంగుళము పైమట్టి తయారగుటకు వందల ఏండ్లు కావలెను. అది పోవుటకు కొన్ని వానాకాలములు చాలును.

దున్నుటవలన జరుగునదేమి?

దున్నిన ఏడు పంట బాగుండుట నిజమే. నేలలోనికి ఒక్కసారిగా గాలి చొరబడి, సేంద్రియ పదార్థము త్వరగా చివికి, అందలి పోషకములు మొక్కకు అందును. కాని ఇది గాదెలోని విత్తనపు గింజలను వండుకొని తినుట వంటిది. మాటిమాటికి త్రవ్వినచో బూజు దారములు తెగును, వానపాముల బొరియలు చెడును, మట్టి రేణువులను అంటిపెట్టు జిగురు తరుగును.

జీతము అడగని పాలేర్లు

మంచి మట్టి ఒక్క గ్రాములో కోట్లకొలది సూక్ష్మజీవులు ఉండును. పెసర, అలసంద వేళ్ళపై బుడిపెలలో నివసించు రైజోబియము గాలిలోని నత్రజనిని పైరుకు అందించును. దీనిని 1888లో హాలండు శాస్త్రజ్ఞుడు బైజరింక్ వేరుచేసి చూపెను. వేరు శిలీంధ్రములు వేళ్ళు పోలేని చోటికి తమ దారములను పంపి భాస్వరమును తెచ్చియిచ్చును. వానపాములు నేలను గుల్లచేయును.

ఈ పాలేర్లకు కావలసినవి మూడే: తిండి, నీడ, తడి.

చేయవలసిన పని

1. మూడడుగుల వెడల్పు మళ్ళు చేసి, నడచుటకు వేరుగా దారి విడువవలెను. మడిలో కాలు పెట్టరాదు. నేల మరీ గట్టిగా నున్నచో మొదటిసారి మాత్రము గడ్డపారతో వదులు చేయవచ్చును.

2. రోహిణి కార్తె చివర, మృగశిర మొదట జొన్న, సజ్జ, పెసర, అలసంద, నువ్వు, జనుము కలిపి చల్లవలెను. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యమున మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమములో, వానలకు ముందే ఇటువంటి నవధాన్యములు చల్లుట ఒక ముఖ్యమైన పని.

3. పూతకు వచ్చునప్పుడు కొడవలితో మొదలంట కోసి అక్కడనే పరచవలెను. వేళ్ళను పెకలింపరాదు. అవి చివికి, నీరు దిగుటకు దారులగును.

4. దానిపై వరిగడ్డి, మొక్కజొన్న చొప్ప, కానుగ ఆకు మూడు నాలుగంగుళముల మందమున కప్పి, ఆకులను ప్రక్కకు తీసి వంగ, టమాట నారు నాటవలెను.

జీవామృతము

ఎకరాకు 200 లీటర్లు చెప్పుదురు. ఆ లెక్కన 5 సెంట్ల పెరటికి 10 లీటర్లు చాలును. 10 లీటర్ల నీటిలో అర కిలో ఆవు పేడ, అర లీటరు ఆవు పంచితము, 100 గ్రాముల బెల్లము, 100 గ్రాముల శనగపిండి, గుప్పెడు మంచి మట్టి కలిపి నీడలో రెండు దినములు ఉంచవలెను. ఉదయము, సాయంత్రము కలియబెట్టి, వారములోపల తడి నేలపై పోయవలెను. ఇది ఎరువునకు బదులు కాదు, పాలు తోడుపెట్టు చేమిరి వంటిది. పాలు లేక చేమిరి ఏమి చేయును? ఆకుల కప్పు లేని నేలపై ఎంత పోసినను ఫలము స్వల్పము.

జాగ్రత్తలు

ఎండుగడ్డిని మట్టిలో కలుపరాదు. చివుకునప్పుడు నేలలోని నత్రజనిని అది లాగుకొనును. పైన కప్పినచో ఆ బాధ తక్కువ. కప్పు మొక్క మొదలునకు తగులకుండ రెండంగుళములు ఎడముండవలెను. మన ఎర్ర నేలలలో చెదల బెడద కలదు గనుక వారమునకొకసారి ఎత్తి చూడవలెను. తెగులు పట్టిన మిరప మొక్కలను కప్పుగా వాడరాదు. అడవి ఆకును బండ్లకొలది తేరాదు, అది అడవి తిండి. మొదటి ఏడు కలుపు ఎక్కువగాను, కాపు కొంచెము తక్కువగాను ఉండవచ్చును. కనుక మొదట ఒక్క సెంటులో మాత్రమే చేసి చూడవలెను.

మీరే పరీక్షించండి

ఏడాది తరువాత దున్నిన చోటనుండి ఒకటి, కప్పిన మడినుండి ఒకటి, ఎండిన మట్టిబెడ్డలు తెచ్చి రెండు గ్లాసుల నీటిలో మెల్లగా వదలండి. ఏది వెంటనే విడిపోయి నీటిని బురద చేయునో, ఆ నేలయే వానకు కొట్టుకొనిపోవునది. నిలిచిన బెడ్డను సూక్ష్మజీవుల జిగురు పట్టి నిలిపినది.

ఆ రెండు గ్లాసులను ఇరుగుపొరుగువారికి చూపండి. నాగలిని మానుమని మీరు వారికి చెప్పనక్కరలేదు.