దెబ్బ ఎవరి పద్దులో?

2025 నవంబరులో హరియాణాలోని రోహ్‌తక్ జిల్లాలో 16 ఏళ్ల బాస్కెట్‌బాల్ ఆటగాడు ఒక్కడే సాధన చేసుకుంటున్నాడు. ఎగిరి రింగు పట్టుకోగానే ఇనుప స్తంభం ఒరిగి అతని గుండెల మీద పడింది. జాతీయ పోటీల దాకా వెళ్లిన కుర్రాడి ప్రాణం దక్కలేదు. సీసీ కెమెరాకు చిక్కిన ఆ దృశ్యంలో ప్రత్యర్థి లేడు, ఫౌల్ లేదు. మరి తప్పెవరిది?

ఇలాంటప్పుడు మన దగ్గర మొదట వినిపించే మాట ‘ఆటన్నాక దెబ్బలు తగలవా?’ అని. ఆ మాటలో సగం నిజం ఉంది. భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్, అంటే పాత శిక్షాస్మృతిలోని 87, ఆ సగాన్ని ఒప్పుకుంటుంది. చంపాలనో, తీవ్రంగా గాయపరచాలనో ఉద్దేశం లేకుండా, అంత ముప్పు ఉందని తెలియకుండా, అవతలివారి సమ్మతితో చేసిన పనిలో హాని జరిగితే అది నేరం కాదు. చట్టం ఎంచుకున్న ఉదాహరణ కూడా ఆటే. సరదాకు కత్తిసాముకు దిగిన ఇద్దరూ, తొండి చేయనంతవరకు, తగిలే దెబ్బలకు ఒప్పుకున్నట్టే లెక్క. 2014లో సిడ్నీలో బౌన్సర్ తగిలి క్రికెటర్ ఫిలిప్ హ్యూస్ మరణించినప్పుడు విచారణ జరిపిన కరోనర్ కూడా ఏ ఆటగాడినీ తప్పుపట్టలేదు.

తొండి చేస్తే మాత్రం కథ మారుతుంది. ఇంగ్లండులో ఓ స్థానిక లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒకతను బూటు అడుగు చూపిస్తూ, నేలకు తొమ్మిది అంగుళాల ఎత్తున దూసుకొచ్చి అవతలివాడి కాలు విరగ్గొట్టాడు. రిఫరీ మైదానం నుంచి పంపేశాడు. అంతటితో అయిపోలేదు. 1985లో అప్పీలు కోర్టు అతను 4,900 పౌండ్ల పరిహారం కట్టాల్సిందేనంది.

ఆటగాళ్ల లెక్క ఇలా తేలికగానే తేలుతుంది. అసలు చిక్కు గీత అవతల ఉన్నవాళ్లతో.

1991 సెప్టెంబరు 21 రాత్రి, లండన్‌లోని వైట్ హార్ట్ లేన్ మైదానం. క్రిస్ యూబ్యాంక్‌తో ప్రపంచ బాక్సింగ్ టైటిల్ పోరును రిఫరీ చివరి రౌండులో ఆపేశాడు. కాసేపటికే మైకేల్ వాట్సన్ సొమ్మసిల్లాడు. మెదడులో రక్తస్రావం. డాక్టరు వచ్చి చూసేసరికే ఏడు నిమిషాలు గడిచాయి. ఊపిరి నిలబెట్టే చికిత్స రింగు పక్కనే మొదలుకావాల్సింది, కాలేదు. మొదట తీసుకెళ్లిన ఆస్పత్రిలో మెదడుకు ఆపరేషన్ చేసే విభాగం లేదు. వాట్సన్ 40 రోజులు కోమాలో ఉన్నాడు. తర్వాత అతను కోర్టుకు లాగింది కొట్టిన యూబ్యాంక్‌ను కాదు, బ్రిటిష్ బాక్సింగ్ నియంత్రణ మండలిని. పోటీ మేం పెట్టలేదు, నియమాలు మాత్రమే రాస్తామని మండలి వాదించింది. ఆ నియమాల్లో వైద్యం సంగతి సరిగా చూడకపోవడమే మీ తప్పని 2000 డిసెంబరులో అప్పీలు కోర్టు తేల్చింది. క్రీడా సంఘాల పెద్దలందరి చేతా ఆ తీర్పు చదివించాలనిపిస్తుంది.

మన సంఘాలకు ప్రారంభోత్సవం మీద ఉన్న శ్రద్ధ కట్టడాల మీద ఉండదు. 2021 మార్చి 22న సూర్యాపేటలో జూనియర్ జాతీయ కబడ్డీ పోటీల వేళ గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. కూతకు వెళ్లినవాడు పట్టుకు ఒప్పుకుంటాడు. చూడ్డానికొచ్చినవాడు కూలే కర్రలకు ఎప్పుడు ఒప్పుకున్నాడు? నిర్లక్ష్యంతో ప్రాణం పోతే న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు.

‘ఏం జరిగినా బాధ్యత మాదే’ అని పిల్లల కోసం సంతకం పెట్టిన తల్లిదండ్రులు ఇక నోరెత్తకూడదనుకుంటారు. నిజానికి 25వ సెక్షన్ చెప్పే సమ్మతి 18 ఏళ్లు దాటినవారిదే. పైగా ఈత నేర్పమని పంపడం వేరు, గట్టు మీద ఎవరూ లేకపోయినా ఫర్వాలేదనడం వేరు. డబ్బు కట్టించుకున్న అకాడమీ అయితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఒప్పందంలోని షరతు అన్యాయమైనదైతే దాన్ని కొట్టేసే అధికారం రాష్ట్ర కమిషన్‌కు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది.

బడి దగ్గరే దారి మూసుకుపోయింది. ఉత్తరప్రదేశ్‌లో ఓ స్కూలు వేసవి శిబిరానికి వెళ్లిన విద్యార్థి ఈతకొలనులో మునిగి చనిపోయాడు. తండ్రి కమిషన్లను ఆశ్రయించాడు. చదువు సేవ కాదు, ఈత వంటి అనుబంధ కార్యక్రమాలూ అందులో భాగమేనంటూ జాతీయ కమిషన్ 2020లో ఆ ఫిర్యాదును పక్కన పెట్టింది. దాని మీద అప్పీలును సుప్రీంకోర్టు 2021లో విచారణకు స్వీకరించింది. శిబిరానికి వేరుగా రుసుము తీసుకున్నప్పుడు అది సేవ కాకుండా ఎలా పోతుందో నాకైతే అర్థం కాదు.

ఇక మిగిలేది సివిల్ కోర్టు. నిర్లక్ష్యాన్ని రుజువు చేయాల్సింది బిడ్డను పోగొట్టుకున్నవాళ్లే. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద దావాకు గడువు రెండేళ్లే. కర్మకాండలు, పరామర్శలు, పెద్దమనుషుల రాజీ కబుర్లు ముగిసేసరికే అందులో సగం గడిచిపోతుంది.